ఎనిమిది అంగుళాలు తక్కువ

"ఎన్ని వందల లెన్సు తీసుకోమంటారు సార్?" అని ఎవరైనా అడిగితే నాకు ఒళ్లు మండుతుంది. అడిగినవాళ్ల తప్పేమీ లేదు. మొన్న సిద్దిపేటలో ఫోటోల పిచ్చి ఉన్న పిల్లలు ఆరేడుగురు మా ఇంటికొచ్చారు. వాళ్లలో ఒక అమ్మాయి ఎక్కడో వెతికి, షీట్ ఫిల్ము వేసే పాత పెద్ద కెమెరా ఒకటి సంపాదించింది. దానికి దూరపు లెన్సు పెట్టాలట. మూడొందలదా, నాలుగొందల యాభైదా, ఆరొందలదా అని నోట్‌బుక్కు తెరిచి పెన్ను పట్టుకుని కూర్చుంది. ఆరొందలు అన్న మాట చెవిన పడగానే నా గొంతు లేచింది. ఏమేం అన్నానో నాకే గుర్తు లేదు. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, "గా పిల్లల మీద గట్ల ఒర్రుతవేంది? ఆళ్లేం జేసిండ్రు నిన్ను?" అంది. పిల్లలు సగం తాగిన చాయ్ కప్పులు అక్కడే పెట్టి వెళ్లిపోయారు.

వాళ్లకు ఆ రోజు చెప్పవలసింది ఇక్కడ చెబుతున్నాను. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను, కానీ అది తగ్గే రకం కాదని ఇన్నేళ్లకు తెలిసిపోయింది.

నేను ప్రభుత్వ శాఖలో ఫోటోగ్రాఫర్‌గా పనిచేసి రిటైరయ్యాను. పాత గుళ్లు, శాసనాలు, బొమ్మలు పాడైపోకముందే ఫోటోలు తీసి దాచడం మా శాఖ పని. మా కెమెరాలో రోలు ఉండదు. పోస్టుకార్డంత ఫిల్ము షీటు ఒక్కో ఫోటోకు ఒక్కోటి వేయాలి. ముందు లెన్సు, వెనక గరుకు గాజు, రెంటికీ మధ్య మడతలు మడతలుగా సాగే తిత్తి. కమ్మరి కొలిమి చూసినవాళ్లకు ఆ తిత్తి సంగతి వేరే చెప్పక్కర్లేదు. తల మీద నల్లగుడ్డ కప్పుకుని గరుకు గాజులోకి చూస్తే ఎదురుగా ఉన్నది తలకిందులుగా కనబడుతుంది. తిత్తిని ముందుకూ వెనక్కూ జరిపి, బొమ్మ సూదిమొనలా తేరేదాకా చూసుకోవాలి.

ఇప్పుడు లెన్సు సంగతి. లెన్సు మీద రాసి ఉన్న అంకె దాని గొప్పతనం కాదు. ఆ గాజుకూ ఫిల్ముకూ మధ్య ఎంత దూరం కావాలో చెప్పే కొలత అది. మూడొందల అరవై మిల్లీమీటర్లంటే దాదాపు పద్నాలుగు అంగుళాలు. ఆరొందలంటే ఇరవై నాలుగు. తీసే వస్తువు దగ్గరగా ఉంటే ఇంకో అంగుళమో రెండో కలుపుకోవాలి. మీ తిత్తి అంత దూరం సాగకపోతే ఆ లెన్సు మీకు పచ్చడిబండతో సమానం. టెలి రకం అని ఇంకోటుంది. అందులో గాజుల అమరిక వేరు, అంకె పెద్దదైనా తిత్తి తక్కువ సాగితే చాలు. ఇంతే శాస్త్రం, ఇంతకు మించి ఏమీ లేదు. మంచమున్నంత మేరకే కాళ్లు చాపుకోవాలని పెద్దలు ఊరికే అనలేదు. మా శాఖ కెమెరా తిత్తి పద్దెనిమిది అంగుళాలు సాగుతుంది.

చేర్యాల దాటి మద్దూరు పోయే తోవలో ఒక ఊళ్లో పటం కథ చెప్పే కుటుంబం ఉండేది. ఒక కులం వాళ్ల ఇళ్ల ముందుకు వెళ్లి, వాళ్ల పుట్టుక కథను పటంలో ఒక్కో బొమ్మా చూపిస్తూ పాడటం ఆ కుటుంబం వృత్తి. పటం అంటే చేర్యాల నకాశి వాళ్లు బట్ట మీద వేసిన బొమ్మల చుట్ట, మూడడుగుల వెడల్పు, విప్పితే ఒక ఇంటి పొడవు. అది పాతబడి రంగు రాలితే కొత్తది వేయించుకుంటారు. పాతదాన్ని మూలన పడేయరు, దానికి ప్రాణముందని వాళ్ల నమ్మకం. కొత్తది ఇంటికొచ్చాక ఒక మంచి రోజు చూసి, పాత పటం ముందు ఆఖరిసారి కథ పాడతారు. పాట అయిపోగానే బొమ్మలన్నిటికీ కళ్లు మూస్తారు. అంటే పసుపు ముద్ద కళ్ల మీద పూస్తారు. తర్వాత వాగులో కలుపుతారు.

ఆ ఇంట్లో ఇంకో కట్టుబాటు ఉంది. ప్రాణమున్న పటాన్ని ఎవరినీ ఫోటో తీయనివ్వరు. సాగనంపే రోజు ఒక్కనాడే తీయొచ్చు. అదీ దూరం నుంచే. పటానికి ఇరవై అడుగుల ఇవతల ముగ్గుతో గీత గీస్తారు. పొద్దుటి నుంచి ఏమీ తినకుండా ఒక్క పొద్దుండి కంకణం కట్టుకున్నవాళ్లు తప్ప ఆ గీత దాటకూడదు.

రోజు నిర్ణయించుకోవడానికి నేను ముందుగా ఒకసారి ఆ ఊరు వెళ్లాను. కథ చెప్పే పెద్దాయనకు డెబ్బై దగ్గర ఉంటాయి. మంచి గొంతు, మాట కరుకు. అన్నీ మాట్లాడుకున్నాక ఆయన నన్ను వాకిట్లోకి తీసుకెళ్లి, "సారూ, సర్కారుకు మొత్తం పటం కావాలె. నాకు ఒక్కటే కావాలె" అన్నాడు.

"ఏంది బాపూ?"

"ఆఖరు బొమ్మల మా అవ్వ ఉన్నది."

నకాశి వాళ్లు కథంతా అయిపోయాక చివరి బొమ్మలో ఆ పటం ఎవరి కోసం వేశారో వాళ్లను వేస్తారు. పాత పటంలో ఈయన తండ్రి పటం పట్టుకుని, ఈయన అవ్వ అంటున్న తల్లి తాళాలు వాయిస్తూ ఉన్నారు. కొత్త పటంలో ఆ చోట ఈయన కొడుకూ కోడలూ వచ్చేశారు. తల్లి పోయినప్పుడు ఈయన అప్పుడే పాలు మరిచిన పిల్లవాడు. ఆమెను ఫోటో తీసినవాడు ఎవడూ లేడు.

"నాకు యాదికి లేదు సారూ. పటం ఇప్పినప్పుడే ఆమెను సూసుడు. నకాశోళ్లు అందరి మొకాలు ఒక్క తీరుగనే ఏస్తరు గని, మా అవ్వకు గదుమ మీద మూడు సుక్కల పచ్చబొట్టు ఏసిండ్రు. ఆమెకు ఉండెనంట గట్లనే. గా ఒక్క బొమ్మ నాకు మంచిగ జేసియ్యి. గోడకు పెట్టుకుంట."

"పెద్దగ జేసిస్త బాపూ. నాది పూచీ" అన్నాను.

ఆ పూచీ ధైర్యం నాకు ఎక్కడి నుంచి వచ్చిందంటే, నా దగ్గర పన్నెండంగుళాల పాత లెన్సు ఒకటి ఉంది. ఇరవై ఏళ్లు నాకు అన్నం పెట్టింది అదే. ఒక మూల బూజు పట్టింది కానీ పని చేస్తుంది. ఇరవై అడుగుల దూరం నుంచి పటం తీయడానికి ఇంకాస్త పెద్దది ఉంటే బాగుంటుందని, మూడొందల అరవైది కావాలని పైకి రాశాను. దాని మీద కొనుగోలు కమిటీ కూర్చుంది. కమిటీలో ముగ్గురు, ముగ్గురిలో ఒక్కరు కూడా జన్మలో నల్లగుడ్డ కింద తల పెట్టినవాళ్లు కారు. మా పై అధికారి నా కాగితం చూసి నవ్వాడు.

"అడిగేటప్పుడు పెద్దదే అడగాలండీ. మూడొందల అరవై దగ్గర ఎందుకు ఆగాలి? ఆరొందలది తెప్పిద్దాం. దూరం నుంచి తీయాలని మీరే కదా రాశారు?"

"సార్, అంత పెద్దదైతే టెలి రకమే కావాలి. మామూలుదైతే మన కెమెరా తిత్తి చాలదు."

"అదంతా కమిటీ చూసుకుంటుంది. మీరు ఫోటోల సంగతి చూడండి."

నేను నోరు మూసుకున్నాను. ఇంకో మాట అని ఉండవచ్చు, కాగితం మీద రాసి ఇచ్చి ఉండవచ్చు. అనలేదు, రాయలేదు. సారు ముఖంలో చిరాకు కనబడితే మా తరం వాళ్లకు నాలుక మడతపడేది. దాన్నే మేము క్రమశిక్షణ అని పిలుచుకునేవాళ్లం.

మార్చి ఆఖరు వారంలో లెన్సు వచ్చింది. మార్చి ఆఖరంటే సర్కారు ఆఫీసు పెళ్లివారిల్లే, ఎవరి చేతిలో ఏ కాగితం ఉందో ఎవరికీ తెలియదు. స్టోర్‌కీపర్ ఫైలు నా ముందు పెట్టాడు. సిద్దిపేట దగ్గరి మనిషే, మంచివాడు, నియమాల పుట్ట. "సరుకు సరిచూసుకున్నాను, బాగున్నది" అన్న వాక్యం కింద నా సంతకం కావాలి.

"డబ్బ ఏది?" అన్నాను.

"అల్మారీల ఉన్నది. సీలు ఇప్పొద్దన్నా. ఆడిట్ అయ్యేదాంక డబ్బ డబ్బలెక్కనే ఉండాలె. సీలు తీసి కనబడితే నా నౌకరికి ఎసరు."

"సూడకుంటనే బాగున్నదని ఎట్ల రాయాలెరా?"

"అందరు రాస్తరన్నా. నువ్వొక్కనివే కొత్తనా?"

రాశాను. ఫైలులో లెన్సు వివరాల కాగితం కూడా ఉంది. అందులో మూడో వరుసలో ఆ లెన్సుకు ఎంత తిత్తి కావాలో అచ్చులో ఉంది. రెండు నిమిషాల పని. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మొనగాణ్ణి కదా, చదవలేదు. పైగా ఇంకో నియమం ఉంది, పాతది జమ చేస్తేనే కొత్తది ఇస్తారు. నా పన్నెండంగుళాల లెన్సును గుడ్డలో చుట్టి తీసుకెళ్లి అతని చేతిలో పెట్టాను. అతను దానికి చీటీ కట్టి అల్మారాలో పెట్టి తాళం వేశాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆడిట్ వాళ్లు సరిగ్గా పటం రోజుకు ముందు సాయంత్రం లేచి వెళ్లారు. తెల్లారగానే హైదరాబాదులో స్టోరు తెరిపించి, సీలు డబ్బా జీపులో పెట్టుకుని బయల్దేరాను. దాంతోపాటు మా సారు ఇచ్చిన కాగితం ఒకటి. ఆ రోజు ఆ పటాన్ని మా శాఖ తప్ప ఇంకెవరూ ఫోటో తీయరాదని పెద్దాయన చేత ముందే సంతకం చేయించారు. దాన్ని అమలు చేసే బాధ్యత నాది. దారిలో సిద్దిపేటలో ఆగి బోండాలు తిన్నాను. ఈ బోండాల సంగతి మళ్లీ వస్తుంది.

మేం వెళ్లేసరికి పటం రెండు గుంజలకు కట్టి ఉంది. ముగ్గు గీత గీసేశారు. చుట్ట మీద బయటికి ఆఖరు బొమ్మే ఉంటుంది, కిందటిసారి కథ అక్కడ ఆగింది కాబట్టి. మొదటి బొమ్మ రావాలంటే మొత్తం వెనక్కి చుట్టుకోవాలి. అలా వాళ్లు చుట్టడం మొదలుపెట్టబోతుండగా నా పక్కన టిక్కుమని చప్పుడైంది. ఆ కులం పెద్దలు విందు ఫోటోల కోసం సిద్దిపేట నుంచి పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్‌ని పిలిపించుకున్నారు. అతను గీత ఇవతల నిలబడి, డిజిటల్ కెమెరాకు పొడుగాటి జూమ్ లెన్సు పెట్టి, ఆఖరు బొమ్మను కొట్టేశాడు.

"తమ్మీ, ఎవలు తీయమన్నరు?" అన్నాను.

"తీయొద్దా సార్? నాకెవలు జెప్పలే."

కాగితం తీసి చూపించాను. మా శాఖ ముద్ర చూపించాను. అతను చదివి, "సరే సార్, ఇగ తియ్య" అన్నాడు.

"తీసింది ఉంచితే ఎట్ల? డిలీట్ చెయ్యి. నా ముందట చెయ్యి."

అతను కెమెరా వెనక తెర నాకు చూపించాడు. చిన్న తెర మీద ఒక మగమనిషి, ఒక ఆడమనిషి నిలబడి ఉన్నారు. నేను సరిగా చూడను కూడా లేదు. మీట నొక్కాడు, పోయింది. "అయిందా సార్?" అన్నాడు. అయిందన్నాను. పని చేశానని నాకు తృప్తిగా కూడా అనిపించింది. ఆ తృప్తిని తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తర్వాత డబ్బా సీలు విప్పాను. లోపలి నుంచి కిలోల బరువున్న ఇత్తడి లెన్సు బయటపడింది. ప్రింటింగ్ ప్రెస్సుల్లో గోడకు బిగించిన పెద్ద కెమెరాలకు వాడే సరుకు అది. దానికి షట్టరు కూడా లేదు, చేత్తో మూత తీసి పెట్టుకోవాలి. టెలి రకం కాదు, మామూలుది. కెమెరాకు బిగించి, తిత్తిని పద్దెనిమిది అంగుళాలూ లాగి, నల్లగుడ్డ కింద తల పెట్టాను. గాజు మీద ఏమీ లేదు. ఎరుపో పసుపో తెలియని మసక, గంజి పోసినట్టు. ఇరవై అడుగుల దూరానికి దానికి ఇరవై ఆరు అంగుళాలు కావాలి. ఎనిమిది అంగుళాలు తక్కువ.

గుడ్డ కింద ఉండగానే పాట మొదలైంది. మొదటి బొమ్మ వచ్చింది. నా సంచీలో ఇంకొక్క లెన్సు ఉంది, గుడి లోపలి భాగాలు తీసే వెడల్పు లెన్సు. దాంతో చూస్తే పటం మొత్తం అగ్గిపెట్టె చీటీ అంత, మనిషి ముఖం నువ్వుగింజంత. అది పనికిరాదు. గీత దాకా పోయి పెద్దాయన కొడుకును పిలిచి, నాకూ కంకణం కడితే దగ్గరికొచ్చి తీస్తానని బతిమాలాను.

"పొద్దుగాల ఏమన్న తిన్నవా సారూ?"

"బోండాలు తిన్న."

"ఇగ కాదు. ఒక్క పొద్దుంటెనే. బాపు ఒప్పుకోడు" అని వెళ్లిపోయాడు.

అప్పుడు నాకు పంతం పట్టింది. లెన్సు వచ్చిన అట్టపెట్టె చూశాను, లోతు దాదాపు ఎనిమిది అంగుళాలు. అడుగు కోసేసి, దాన్ని తిత్తికి ముందు గొట్టంలా బిగించి, దాని మూతికి లెన్సు పెడితే లెక్క సరిపోతుంది. నల్ల టేపు చుట్టాను. వెలుతురు దూరకుండా ఎవరింట్లోంచో గొంగడి తెప్పించి పైన కప్పి తాడు కట్టాను. లెన్సు బరువుకు పెట్టె ముందుకు వాలిపోతుంటే కింద కట్టె మోపు పెట్టాను. అది సరిచేస్తే ఇది జారడం, ఇది సరిచేస్తే అది ఊడటం. నేను ఇలా కుస్తీ పడుతున్నంతసేపూ ఇరవై అడుగుల అవతల ఒక్కో బొమ్మా వచ్చి, పాడించుకుని, చుట్టలోకి వెళ్లిపోతోంది. ఎప్పుడో ఎవరో కూర్చుని వేసిన కథ మొత్తం నా కళ్ల ముందే పోయింది. సర్కారు పని అక్కడికే సున్నా. ఇంక మిగిలింది ఆఖరు బొమ్మ, ఆయన అడిగింది.

ఎండ నడినెత్తికి రాబోతుండగా ఆఖరు బొమ్మ దిగింది. అప్పటికి నా పెట్టె నిలబడింది. నల్లగుడ్డ కింద దూరి చూశాను. అబ్బ! గాజు మీద తల్లీ తండ్రీ తలకిందులుగా నిలబడి ఉన్నారు. భూతద్దం పెట్టి ఆమె పెదవి కింద గదుమ దగ్గర చూశాను, మూడు చుక్కలు. ముందు పేలిన జొన్నల్లా కనబడ్డాయి. కొంచెం కొంచెం జరిపాను. మూడూ విడివిడిగా, సూదితో గుచ్చినట్టు తేరాయి. నా ఉద్యోగ జీవితంలో అంత పదునైన ఫోకస్ పెట్టలేదనుకున్నాను. ఛాతీ ఉప్పొంగింది. మూత తీసి, నాలుగు లెక్కపెట్టి, మూత పెట్టాను. అలా నాలుగు షీట్లు.

పాట ఆగింది. పెద్దాయన గీత అవతల నుంచి నా వైపు తిరిగాడు.

"సారూ, వచ్చిందా?"

పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ పొద్దుటి నుంచి ఓ పక్కన కూర్చుని నా కుస్తీ అంతా చూస్తున్నాడు. లేచి వచ్చి మెల్లగా, "సార్, నేను గూడ ఒకటి కొట్టనా? ఉంటే ఉంటది. మీరు వద్దంటే తీసేస్త" అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే బాగుండేది, నేను కసిరినందుకు ఒక అర్థమైనా ఉండేది.

"అక్కరలేదు తమ్మీ. గీ కెమెరాల వచ్చింది నీ దాంట్ల రాదు" అన్నాను. పెద్దాయన వైపు చూసి గట్టిగా అరిచాను. "వచ్చింది బాపూ! మంచిగొచ్చింది!"

ఆయన రెండు చేతులూ జోడించి నాకు దండం పెట్టాడు. కొడుకు వైపు తిరిగి, "ఇగ కండ్లు మూయుండ్రి" అన్నాడు. కోడలు పసుపు ముద్ద తెచ్చింది. పటం మెల్లగా విప్పుతూ అన్ని బొమ్మలకూ ఆమే పూసింది. తల్లి బొమ్మ దగ్గర మాత్రం ఆయనే పసుపు తీసుకున్నాడు. వేళ్లతో ఆమె కళ్ల మీద పూసి, అరచేత్తో ముఖమంతా నిమిరాడు. ముసలి బట్ట, పొడి రంగు. చేతికి రంగు అంటుకొచ్చింది. మధ్యాహ్నం దాటేసరికి పటం వాగులో కలిసిపోయింది.

మర్నాడు డార్క్‌రూమ్‌లో నాలుగు షీట్లూ కడిగాను. దీపం వేసి ఎత్తి చూస్తే, నాలుగూ రొట్టెల పెనంలా నల్లగా ఉన్నాయి. లెన్సు బరువుకు అట్టపెట్టె మూల ఎక్కడో విచ్చుకుంది. గొంగడి కింద నుంచి ఎండ దూరింది. కంటికి కనబడనంత సందు, ఫిల్ముకు అదే చాలు. ఒక్క షీటు అంచున మాత్రం గోరంత మేర బొమ్మ మిగిలింది. కడియం వేసుకున్న ఒక కాలు.

సిద్దిపేటకు బస్సెక్కాను. పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్ దుకాణం వెతికి పట్టుకున్నాను. కార్డులో డిలీట్ చేసినవి మళ్లీ తీయొచ్చని ఎవరో చెప్పారు. నన్ను చూడగానే అతనికి విషయం అర్థమైపోయింది.

"రాలేదా సార్?"

"గా కార్డు ఉన్నదా తమ్మీ?"

"కార్డు ఉన్నది సార్. గా దినం సాయంత్రమే కోహెడల ఒక పెండ్లి. నిండ కొట్టిన. ఇగ ఏముంటది?" అయినా వదలకుండా కంప్యూటర్లో పెట్టి గంటసేపు వెతికాడు. పెళ్లికూతురు వచ్చింది, బ్యాండువాళ్లు వచ్చారు, భోజనాల బంతి వచ్చింది. చివరికి, "చాయ్ తాగుతరా సార్?" అన్నాడు. నేను అన్న మాటలకు అతను నన్ను దుకాణంలోంచి గెంటేసి ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆఫీసులో జరిగింది జరిగినట్టు చెప్పాను. మా సారు విని, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, "ఫిల్ము కాలం చెల్లినదని రాయండి. పటం పని పూర్తయినట్టే చూపిద్దాం, ఎలాగూ కొత్త పటం ఉంది కదా, అదీ అదే కథ" అన్నాడు. "అదే కథ కాదు సార్" అన్నాను. "మీకు ఈ మధ్య కోపం ఎక్కువైంది" అన్నాడు. లెన్సు మీద నివేదిక కూడా నా చేతే రాయించారు, "లెన్సు మంచి స్థితిలో ఉన్నది" అని. సంతకం పెట్టాను. అవును, మళ్లీ పెట్టాను. దున్నపోతు మీద వాన పడ్డట్టున్న ఆ మనిషిని ఎన్నేళ్లుగానో తిట్టుకుంటున్నాను. కానీ రెండు కాగితాల మీదా ఉన్నది నా సంతకమే, ఆయనది కాదు. ఆ లెన్సు ఇప్పటికీ ఆ అల్మారాలో సుఖంగా ఉంది. దాని పక్కనే నా పన్నెండంగుళాలదీ ఉంది. ఆ రోజు నా సంచీలో ఉండి ఉంటే బూజుతోనే పని అయిపోయేది.

నోట్‌బుక్కు తెచ్చిన అమ్మాయీ, రాసుకో. అంకె అడగకు. ముందు నీ తిత్తి పూర్తిగా లాగి స్కేలుతో కొలువు. ఎంత దూరంలో నిలబడతావో, ఎంత పెద్ద వస్తువో చూసుకో. ఆ తిత్తిలో ఇమిడే లెన్సు చిన్నదైనా సరే, అదే నీ లెన్సు. కొనేముందు బిగించి, గాజు మీద నీ కళ్లతో చూడు. చూడనిదానికి సంతకం పెట్టకు. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నా కోపం వీటి గురించే అయితే ఎప్పుడో చల్లారేది.

వారం తర్వాత ఆ ఊరు వెళ్లాను. ఖాళీ చేతులతో పోలేక, ఆ గోరంత ముక్కను పెద్దది చేసి, కవరులో పెట్టుకుని వెళ్లాను. పెద్దాయన వాకిట్లో మంచం వాల్చుకుని కూర్చున్నాడు. గోడకు మేకు కొట్టి ఉంది. నేను కవరు ఇచ్చాను. ఆయన తీసి, వెలుతురుకు పెట్టి, చాలాసేపు చూశాడు.

"ఇది మా బాపు కాలు" అన్నాడు.

నేను అన్నీ చెప్పాను. లెన్సు, డబ్బా, సీలు, ఎండ. ఆయనకు అవేవీ అక్కర్లేదు. మధ్యలో ఆపాడు.

"కండ్లు మూయమని నేను జెప్పిన. వచ్చిందని నువ్వు జెప్తెనే జెప్పిన."

"తప్పయింది బాపూ."

"తప్పు సంగతి ఇడ్సిపెట్టు. నాకు కండ్లు మసకలు, ఆఖరుకు మంచిగ సూసినోనివి నువ్వే. గా అద్దంల సూసినవా లేదా?"

"సూసిన."

"గట్లయితే జెప్పు. ఇగ నాకు మెల్లమెల్లగ మొకం యాదికి వస్తలేదు. ఒకపారి నవ్వుతున్నట్టు ఉంటది, ఇంకోపారి పాడుతున్నట్టు ఉంటది. ఏది నిజమో సూసుకుందామనే ఫోటో అడిగిన. మా అవ్వ నవ్వుతుండెనా సారూ?"

గాజు మీద నేను చూసింది మూడు చుక్కలు. భూతద్దం పెట్టి, అవి విడివిడిగా తేరాయా లేదా అనే చూశాను. ఆమె ముఖం చూడలేదు. ఆ చిన్న తెర మీద చూపించినప్పుడూ చూడలేదు. నవ్వుతోందని చెప్పేస్తే ఆ మనిషి ప్రాణం చల్లబడేది, ఒక్క మాటతో అయిపోయేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"తెల్వది బాపూ" అన్నాను.

ఆయన ఫోటోను కవరులో పెట్టి నా చేతికి తిరిగిచ్చాడు. "గీ మాట ఆనాడు అంటే అయిపోతుండె గద సారూ."